వాపసు తోలుకెళ్ళిన ఆవు

పాలవ్యాపారి తనకి ఆవుని అమ్మిన బేరగాడి చొక్కా పట్టుకున్నాడు.

అదీ నడి సంతలో, పదిమందీ చూస్తుండగా.

కొని వారమైనా కాలేదు, ఆవుకి జ్వరం, ఒళ్ళంతా పొక్కులు. జబ్బు పశువుని అంటగట్టి నా కొంప ముంచుతావా అని నోటికొచ్చినట్టు తిట్టాడు.

బేరగాడు ఆవుని వాపసు తోలుకెళ్ళి తన కొట్టంలో కట్టేసుకున్నాడు.

అంతటితో పోతే బాగుండేది. పాలవ్యాపారి కొట్టంలో మిగతా ఆవులూ ఒక్కొక్కటే పడ్డాయి. రెండు చచ్చాయి. అతనికి ఒళ్ళు మండిపోయింది. నలుగురినీ కూడగట్టి, బేరగాడు మళ్ళీ సంతలో అడుగు పెట్టకుండా చేశాడు. తప్పెవరిదో తేలక ముందే శిక్ష వేసేయడం ఎంత తేలికో!

పశువుల ఆసుపత్రి ల్యాబ్ మేడమ్ వచ్చి ఇద్దరి కొట్టాల్లోని ఆవుల నెత్తురూ, పొక్కుల మీది చెక్కులూ తీసుకెళ్ళింది. ఆమె మళ్ళీ వచ్చేసరికి పాలవ్యాపారి గేటు దగ్గరే ఎదురయ్యాడు.

"వాడి మీద కేసు పెడతా. జబ్బు వాడే తెచ్చాడని రాసివ్వండి."

ఇది ఇక్కడ ఎప్పుడూ చూడని కొత్త వైరస్ అంది మేడమ్. రెండు కొట్టాల నమూనాల్లోనూ దాని జన్యువుల్ని అక్షరం అక్షరం చదివి పోల్చారట.

"మీ ఆవుల వైరస్‌లో ఉన్న మార్పులన్నీ ఆయన పశువుల్లోనూ ఉన్నాయి. అక్కడ వాటి పైన ఇంకో రెండు కొత్తవి చేరాయి. వైరస్ పాకేకొద్దీ మార్పులు పెరుగుతాయి, అంటే ముందు మీ దగ్గర, తర్వాత ఆయన దగ్గర. ఆ ఆవుని కొనకముందు మీ కొట్టంలో దేనికైనా జ్వరం వచ్చిందా?"

ముసలావుకి వచ్చింది. ఎండదెబ్బ అని తనే కొట్టిపారేశాడు. అయినా నోరు తగ్గలేదు.

"వాడు మీకెంత ముట్టజెప్పాడు?"

మేడమ్ మొహం ఎర్రబడింది.

"చెప్పకూడదనుకున్నాను. ఇక చెప్పక తప్పదు. మీ దగ్గర్నుంచి తోలుకెళ్ళిన ఆవుతో ఆయన కొట్టం మొత్తం ఊడ్చుకుపోయింది. దూడ కూడా మిగల్లేదు."



"మరి వాడొచ్చి నన్ను నిలదీయలేదేం?"

"ఈ పరీక్ష ఫలితం తెలిశాకే ఆయన ఊరొదిలి వెళ్ళాడు. వెళ్తూ నన్ను ఒక్కటే బతిమాలాడు, జబ్బు మొదలైంది ఎవరి కొట్టంలోనో బయటికి రానివ్వకండమ్మా, వాళ్ళ పాలు ఇక ఎవరూ కొనరు అని."