కుడి చేతి కొలత

డ్రిల్లు మాస్టారంతటి ఉత్తముడు ఇంకొకడు లేడని బడి మొత్తం కోడై కూసింది. తొమ్మిదేళ్ల తన కొడుకు చెయ్యి ఆ ఉత్తముడే మెలిపెట్టి విరిచాడని దర్జీ ఫిర్యాదు. కాదు, పిల్లాడు మెట్ల మీంచి జారిపడ్డాడని హెడ్మాస్టరు తేల్చేశాడు. ఆ రోజు ఆయన సెలవులో ఉన్నాడు కాబట్టి ఆయనకే బాగా తెలియాలి.

పిల్లాడు జరిగింది ఒకసారి చెప్పాడు. దర్జీ రెండోసారి అడగలేదు. "నువ్వు చెప్పావుగా, చాలు నాన్నా" అన్నాడు. చొక్కా కుడి చేతి కుట్లు విప్పి, పిండికట్టు పట్టేలా గుండీలు కుట్టి తొడిగాడు.

స్టేషన్లో ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. "పిల్లాడి మాట ఒక్కటే నిలబడదయ్యా. పెద్దవాళ్లెవరైనా సాక్ష్యం చెబుతారా?"

ఎవరు చెబుతారు? అక్కడున్న మాస్టార్లంతా సరిగ్గా ఆ క్షణంలోనే ఆకాశంలో పిట్టల్ని చూస్తున్నారట.

వారం తిరక్కుండా డ్రిల్లు మాస్టారికి ఉత్తమ ఉపాధ్యాయుడి బహుమతి ప్రకటించారు. బహుమతి అందుకోవాలంటే కోటు కావాలి. ఊళ్లో కోటు కుట్టగలిగేది ఈ దర్జీ ఒక్కడే. మాస్టారు సిగ్గుపడకుండా కబురు పెట్టాడు.

"దానికేం భాగ్యం. శనివారం సరిగ్గా పదకొండింటికి రమ్మనండి" అన్నాడు దర్జీ.

భార్య ఆ పూట అతనికి అన్నం పెట్టలేదు. "బిడ్డ చెయ్యి విరిచినవాడికి కోటు కుడతావా? నువ్వూ ఒక తండ్రివేనా?"

బావమరిది ఇంకో మాట కలిపాడు. "టేపు మెడలో వేసుకునీ వేసుకునీ బావకి మెడ వంచడం అలవాటైపోయిందక్కా."

శనివారం మాస్టారు వేళకే వచ్చాడు. కొట్లో కొక్కేనికి ఖాకీ చొక్కా వేలాడుతోంది. మూలనున్న ట్రయల్ గదికి తెర వేసి ఉంది.

"చెయ్యి చాపండి సార్. భలే గట్టి చెయ్యి. మావాడిది ఉత్త పుల్ల. మీరు పట్టుకుంటే ఆగుతుందా?"

మాస్టారు నవ్వాడు. తన ముందు నడుం వంచి నిలబడ్డవాణ్ని చూస్తే ఎవరికైనా నోరు ఊరికే ఉండదు.

"మెత్తనివాడివి కాబట్టి చెబుతున్నాను. ఎదురు మాట్లాడాడు, కాస్త మెలిపెట్టాను. అలా పుటుక్కుమంటుందని నాకేం తెలుసు? పోనీ, వెళ్లి చెప్పుకో. నిన్నెవడు నమ్ముతాడు?"

"నిజమే సార్" అంటూ దర్జీ పుస్తకంలో రాసుకున్నాడు. "కుడి చెయ్యి, ఇరవై నాలుగు."

అప్పుడు ట్రయల్ గది తెర తొలగించుకుని, ప్యాంటు సరిచూసుకోమని దర్జీ పావుతక్కువ పదకొండుకే పిలిపించిన ఎస్సై బెల్టు బిగించుకుంటూ బయటికి రావడంతో, దర్జీకి రావలసిన కోటు కూలి నాలుగు వేల రెండొందలూ అన్యాయంగా మట్టిగొట్టుకుపోయాయి.