మెడ మీద కుట్లు

"ఆపరేషన్ చేయమంటారా, వద్దా?" అన్నాడు డాక్టరు.

అల్లుడు ఆమె వైపు తిరిగాడు. "మామయ్యను కంటికి రెప్పలా చూసుకుంటున్నది మీరు. మీరేమంటారు?"

పక్క కుర్చీలో పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు రైలింజను నడిపిన చెయ్యి. ఇప్పుడు దానికి చొక్కా గుండీ పెట్టడం కూడా రాదు.

"మెదడును కడిగిన మురికినీరు బయటికి పోవడానికి సన్నటి లింఫు నాళాలుంటాయమ్మా. వయసు మీద పడేకొద్దీ అవి ఇరుకవుతాయి. తూము పూడితే స్నానాలగది ఏమవుతుంది? ఇదీ అంతే. మెడ దగ్గర ఆ నాళాన్ని రక్తనాళానికి కలిపి, నీటికి దారి ఇస్తాను. కొత్త పద్ధతి. పూచీ మాత్రం ఇవ్వలేను."

"నయమైతే?"

"మనుషుల్ని గుర్తుపట్టొచ్చు."

"ఏమే చిట్టీ, ఇంటికి పోదాం పద," అన్నాడు పెద్దాయన. రోజంతా అదే పిలుపు. ఆమె కనబడకపోతే ముద్ద ముట్టడు.

"ఇంకోసారి ఆలోచించుకోండి," అన్నాడు అల్లుడు మెల్లగా.

"ఆలోచించడానికేముంది బాబూ. చేయించండి."

ఆపరేషన్ జరిగినంతసేపూ ఆమె బయట బల్ల మీద ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంది. తర్వాత ఇన్‌ఫెక్షన్ భయంతో ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. కుట్లు విప్పే రోజున రమ్మన్నారు.

ఆ రోజు కూతురు భయపడి వరండాలోనే ఆగిపోయింది. అల్లుడు ముందు నడిచాడు. వెనకాల ఆమె.

పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలన్నీ సరిగ్గా పెట్టి ఉన్నాయి.

"మామయ్యా, నేనెవర్ని?"

"నా కూతుర్ని ఎత్తుకుపోయిన దొంగవి. కూర్చో."

అల్లుడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మరి ఈవిడ?" అన్నాడు డాక్టరు.

ఆమె ఒకడుగు ముందుకు వేసింది. పెద్దాయన కళ్లు చిట్లించి చాలాసేపు చూశాడు. ఆమె ముఖమంతా వెతికాడు.

"తెలియదు. ఎవరమ్మా నువ్వు?"

ఆమె తల తిప్పి చూస్తే అల్లుడు కళ్లు తుడుచుకుంటున్నాడు. డాక్టరు ముఖం మాత్రం వెలిగిపోతోంది.

భార్య పోయాక తనను చూసుకోవడానికి జీతానికి కుదిరిన ఆయాను ఆయన తన భార్య అనుకోకపోవడం అదే మొదటిసారి.