వాల్ట్స్ అంటే అర్థం

“వాల్ట్స్ అంటే?” అడిగాడు భర్త, అద్దంలో టై సరిచేసుకుంటూ.

“తిరగడం, దొర్లడం. జర్మన్ వాళ్ళ మాట. అందులోంచే ఈ డాన్సుకి పేరొచ్చింది,” ఆమె వంగి బూట్లు బిగించుకుంటూ అప్పజెప్పింది.

“శభాష్. గదిలో అడిగినప్పుడు తడబడకు.”

అది వాళ్ళ డాన్సు క్లబ్బు పద్ధతి. పోటీలో డాన్సు అయ్యాక ఆడవాళ్ళని ఒక్కొక్కరినే పక్కగదిలోకి పిలుస్తారు. తాము చేసిన డాన్సు పేరుకి అర్థమేమిటో, ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పాలి. దానికీ మార్కులుంటాయి. మగవాళ్ళని ఎందుకు అడగరని ఎవరూ అడగలేదు.

తిరగడమంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పాలా? పెళ్ళైన నాటి నుంచీ సాయంత్రమైతే క్లబ్బు హాల్లో గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. అదీ వెనక్కి. మొగుడు ముందుకి అడుగేస్తే పెళ్ళాం వెనక్కి వేయాలి. ఇన్నేళ్ళూ ఆమె చూసిందల్లా ఆయన గడ్డమే.

పగలంతా మందుల షాపులో నిలబడి పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే. మోకాలు వాచిందంటే ఆయనే కూర్చుని కాపడం పెడతాడు. మర్నాడు మళ్ళీ హాలుకి తీసుకెళ్తాడు. చెడ్డవాడైతే నాలుగు దులిపేసి బయటపడేది. మంచివాడితో వచ్చిన చిక్కే అది.

కిందటి వారం ఉండబట్టలేక, ఈ డాన్సు మానేద్దామని ఏడ్చేసింది. ఆయన ఆమె కళ్ళు తుడిచాడు.

“సరే. ఈసారి ఫస్టు రాకపోతే మానేద్దాం. వస్తే మాత్రం మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు.”

ఓడిపోవాలని ఆమె ఆ క్షణమే నిర్ణయించుకుంది.

పోటీకి ముందు, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. టీచరమ్మ గోళ్ళు కొరుకుతోంది. బ్యాంకావిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది.

“మీకు భయంగా లేదా వదినా?” అంది బ్యాంకావిడ.

“ఎందుకు లేదూ? గుండె దడదడలాడుతోంది.”

గెలవాలని వీళ్ళకెంత తపనో అనుకుంది ఆమె. వాళ్ళని చూస్తే జాలేసింది.

సంగీతం మొదలైంది. ఆమె కావాలనే ఒక అడుగు తప్పు వేసింది. ఆయన చటుక్కున సర్దేశాడు. ఇంకోటీ తప్పు వేసింది. అదీ సర్దేశాడు. వీపు మీద ఆయన చెయ్యి ఉడుంపట్టే. తప్పు చేసే స్వేచ్ఛ కూడా లేకపోయె! ఆ పక్కన టీచరమ్మ మొగుడి కాలు తొక్కింది. బ్యాంకావిడ తిరగాల్సిన వైపు కాక రెండో వైపు తిరిగి ఇంకో జంటని గుద్దేసింది. పాపం, కంగారు.

ఇక మిగిలింది పక్కగదే. పెద్ద జడ్జిగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

“వాల్ట్స్ అంటే ఏమిటమ్మా?”

“గుర్రం పేరండీ.”

“గుర్రమా?”

“రాజుగారి గుర్రం. కుంటిదండీ. అది నడిచినట్టే రాజుగారూ నడిచి చూపించారట. అలా మొదలైంది.”

జడ్జిగారి పెన్ను ఆగిపోయింది. ఆమెకి ఒళ్ళంతా దూదిపింజలా తేలిపోయింది. కాళ్ళు చాపుకోవడానికి ఇంట్లో ఏ కుర్చీ బావుంటుందా అని ఆలోచిస్తూ బయటికొచ్చింది.

కాసేపటికి మైకులో ఫలితం చెప్పారు. ఫస్టు ప్రైజు ఈ మొగుడూ పెళ్ళాలదే.

ఆయన ఆమెని రెండు చేతులా పైకెత్తేశాడు. ఆమె చేతిలో కప్పు పెడుతూ జడ్జిగారు గొంతు తగ్గించారు. “జవాబు తప్పేనమ్మా. అయినా ఏదో ఒకటి చెప్పింది మీరొక్కరే. మిగతావాళ్ళు అసలు నోరే విప్పలేదు.”

“చూశావా, మన కష్టం ఊరికే పోలేదు! రేపు కాస్త ముందే వద్దాం,” అన్నాడు ఆయన.

బట్టలు మార్చుకోవాలి. ఆడవాళ్ళ గది ముందు ఆమె అడుగు పడలేదు. ఓడి ఏడుస్తున్నవాళ్ళ మధ్యకి ఈ కప్పుతో ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం? కప్పుని వెనక దాచుకుని, మెల్లగా తలుపు తోసింది.

లోపల ఓడిపోయిన ఆడవాళ్ళంతా డాన్సు బూట్లు చెత్తబుట్టలో పడేసి, “మా ఆయనా మాటిచ్చాడే, రేపటి నుంచి మానేసినట్టే!” అంటూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు.