పాట అడుగున

అన్న తన రికార్డింగు గదంతా మోకాళ్ల మీద పాకుతున్నాడు. అతను కూర్చోవలసిన కుర్చీలో కొత్త సబ్‌వూఫర్ పెట్టె దర్జాగా కూర్చుని గుమ్‌గుమ్‌మంటోంది. ఆ మోత ఏ మూల నుంచి వింటే తేటగా ఉంటుందో కనిపెట్టి, తర్వాత పెట్టెను తీసుకెళ్లి ఆ మూలలో పెట్టాలి. పద్ధతి అదే.

"నడుం పట్టేస్తుందన్నా," అంది చెల్లెలు గుమ్మంలో నిలబడి.

"నువ్వు కొనిపెట్టినందుకు ఈ మాత్రం పాకకపోతే ఎలాగే!"

నిన్నటిదాకా వద్దని మొండికేసింది అతనే. ఈ చిన్న స్పీకర్లలో అడుగున ఉండే బరువైన శబ్దాలు వినపడవని పోరుపెట్టి మరీ తెచ్చింది ఆమె.

"అన్నా, నీకో మాట చెప్పాలి."

"ఉండు, ముందు ఇది తేలనీ."

తలుపు పక్క మూల తేలింది. పెట్టెను అక్కడికి జరిపి, వైర్లు కలిపి, కుర్చీలో కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచో చెబుదామనుకుంటున్నా..."

"ష్!" వేలు చూపించాడు. పనిలో పడితే అతనికి లోకం పట్టదు. "ఏ పాట పెట్టమంటావ్?"

"నువ్వు ఊళ్లో లేనప్పుడు ఇక్కడ పాడి పెట్టానే, అది."

పాట మొదలైంది. ఆమెకు పాట నేర్పింది, మైకు ముందు నిలబెట్టింది అతనే. తన మైకు ముందు తప్ప చెల్లెలు ఇంకెక్కడా పాడదని కనబడ్డవాడికల్లా చెప్పుకుని మురిసిపోతాడు.

రెండో చరణంలో అతని చెయ్యి ఆగిపోయింది. ఆమె గొంతు కింద, ఎక్కడో అడుగున, బరువుగా ఏదో దొర్లుతోంది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు.

గూడ్సు బండి.

ఈ ఇంటి చుట్టుపక్కల రైలు పట్టాలే లేవు. రైలు వంతెన పక్కన ఉన్నది కీబోర్డు మాస్టారి స్టూడియో. ఒకప్పుడు అన్న, మాస్టారు కలిసి నడిపిందే. గూడ్సు వచ్చినప్పుడల్లా రికార్డింగు ఆపి పళ్లు నూరుకునేవారు. అన్న కట్టిన బాణీలను మాస్టారు తనవని చెప్పుకున్న రోజున అతను ఆ గడప దిగాడు. వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తకూడదన్నాడు.

"వాడి దగ్గర పాడావా?" పాట ఆపేశాడు.

ఆమె తల దించుకుంది.

"ఎన్నాళ్లుగా?"

"చాలా రోజులైంది. ఇకముందూ అక్కడే పాడతానన్నా."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే!" కళ్లలో నీళ్లు తిరిగాయి. కూతురిలా పెంచిన పిల్ల. నమ్మి కళ్లు మూసుకుంటే గొంతు కోసిందనిపించింది. "నాతో ఓ మాట చెప్పొచ్చుగా!"

"చెబితే ఎప్పుడు విన్నావు?"

ఎంత కోపంలోనూ అతనికి పనివాడి బుద్ధి పోలేదు.

"మోసమైనా సరిగ్గా చెయ్యలేకపోయావు. ఇలాంటి మోత పడకుండా మైకు మీద బటన్ నొక్కమని ఎన్నిసార్లు నేర్పాను? మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. కావాలనే నొక్కలేదు."

అతను అర్థం కానట్టు చూశాడు. ఆమె మూలనున్న సబ్‌వూఫర్ వైపు చూసింది.

"నీకు వినపడాలనే ఇదీ కొన్నాను."