నోటిమాట చెల్లదు

"ఇగ రేపటి నుంచి రాకు జ్యోతీ! సంచి సర్దుకో."

యజమాని వెంకట్రాములు అరుపుకి బాన్సువాడ బస్టాండు ఎదురుగా ఉన్న ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు అదిరింది. పక్కనే నస్రుల్లాబాద్ రైసుమిల్లు ఓనరు లింగం మండిపడుతున్నాడు.

"జనవరి నుంచి ఫోన్లు చేస్తున్న అన్నా. మీ ప్రోగ్రాంల వడ్ల తూకం తప్పొస్తుంది. రైతులు నన్ను దొంగ అంటుండ్రు. మీరేమో పలుకరైతిరి!"

"మాకు కంప్లెంటే రాలే. గీమె ఎక్కియ్యలే."

ఫోన్లో జనం చెప్పిన బగ్గులన్నీ, అంటే ప్రోగ్రాంలలోని తప్పులన్నీ, ఫిర్యాదుల ప్రోగ్రాంలో ఎక్కించడం జ్యోతి పని. ఆ ప్రోగ్రాం వెంకట్రాములు స్వయంగా రాసిందే. నోటితో చెబితే చెల్లదు, ఏదున్నా అందులో ఎక్కించాల్సిందేనని ఆయన శాసనం. కొత్త సంవత్సరం వచ్చాక అందులో ఒక్క ఫిర్యాదూ కనబడలేదు. కంప్యూటర్లను కలవరపెట్టిన రెండువేల సంవత్సరం గండం నుంచి మిల్లులన్నిటినీ గట్టెక్కించానని ఆయన రొమ్ము విరుచుకు తిరిగాడు.

"అన్నీ ఎక్కించిన సార్, నా బిడ్డ మీద ఒట్టు," జ్యోతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అంతేగాదు సార్, నేను..."

"నోటిమాటలు వద్దన్ననా!"

సంచి తీసుకుని ఆమె మెట్ల దాకా వెళ్ళింది. అంతలో, ఆ పాత ఫిర్యాదుల ప్రోగ్రాం తీసేసి కొత్తది పెడుతున్న ఆఫీసు ప్రోగ్రామరు సంగీత కేకేసింది.

"సార్, ఆగుండ్రి! పాతవన్నీ కొత్తదాంట్లకు తెస్తుంటే గీ ఏడాదివి కుప్పలుకుప్పలు వస్తున్నయ్!"

వెంకట్రాములు ఒక్క అంగలో వచ్చి చూశాడు. లింగం మిల్లు తూకం, ఇంకో మిల్లు బిల్లు... అన్నీ జ్యోతి పేరుతోనే ఉన్నాయి.

"పాతదాంట్ల సంవత్సరానికి రెండంకెలే పెట్టిండ్రు సార్," అంది సంగీత. "రెండువేలు రాంగనే సున్నా సున్నా అయి, లిస్టుల అన్నిటికంటె పాతవాటి కిందికి పోయినయ్. అక్కడ ఎవలు చూస్తరు?"

రచ్చ గెలిచిన మొనగాడు ఇల్లు చూసుకోలేదు! వెంకట్రాములుకు తల తీసేసినట్టయింది. పరాయి మనిషి ముందు ఆమెను అబద్ధాలకోరును చేశాడు. మెట్ల దగ్గరికి వెళ్ళాడు గానీ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"తప్పు నాదే జ్యోతమ్మా. సిగ్గుతోటి చస్తున్న. గానీ, గివి కనబడుతలేవని ఒక్కసారన్న చెప్పొద్దా తల్లీ?"

సంగీత తెర మీద జనవరి మొదట్లో ఎక్కించిన ఫిర్యాదు పైకి చదివింది.

"'నేను ఎక్కించిన ఫిర్యాదులు కనబడుట లేదు. సారు దయచేసి చూడగలరు. ఇట్లు, జ్యోతి.'"