పచ్చగా చూపించిన వంటగది

ఈ నెలలో ఇది మూడో తుఫాను. గాలి ఏ గోడను ఎంత బలంగా నెడుతుందో ఒక సాఫ్ట్‌వేర్ లెక్కకడుతుంది. ఆ గోడ నిలుస్తుందో లేదో ఇంకొకటి చెబుతుంది. మొదటిదాని అంకెలను రెండోదాని గోడలకు అతికించడమే నూకరత్నం ఉద్యోగం. పొద్దుటి నుంచి నాలుగొందల ఇళ్లు పూర్తిచేసింది.

ఇప్పుడు తన ఇల్లు వచ్చింది. ఊళ్లో అందరిలాగే మొగుడు ఎవరికీ చెప్పకుండా వెనక కట్టిన వంటగది ఉపగ్రహం ఫోటోలు చూసే గాలి లెక్కలో ఉంది, పంచాయతీ కాగితాలు చూసే గోడల లెక్కలో లేదు. అతకని అంకెలు సున్నాలయ్యాయి. సున్నా వస్తే ఇల్లు భద్రమని ఆ ఇంటివాళ్ల ఫోన్లలో పచ్చరంగు చూపిస్తుంది.

అత్తకు ఫోన్ చేసింది. "వంటగదిలోంచి బయటికొచ్చెయ్యత్తా."

"పచ్చగానే చూపిస్తందిగా రత్నం. గంజి వారుస్తన్నాను."

"దాని లెక్కలో ఆ గోడే లేదత్తా. లేని గోడ ఎలా కూలుద్ది?"

ఫోన్ పెట్టేసి, నూకరత్నం పొద్దున చేసిన మొదటి ఇల్లు మళ్లీ తెరిచింది.