గాలి పాఠం

ఆ గొంతు విని పెంచలప్రసాద్ బడి బయటే ఆగిపోయాడు.

"ఫిల్లరు రబ్బరు నొక్కి సిరాబుడ్డిలో పెడతారు. వదిలితే సిరా పైకొస్తాది. పెన్నులో కొంచెం పోసుకుంటారు, చొక్కాకి ఎక్కువ పూసుకుంటారు. ఒక్కరోజన్నా అడిగినార్రా, దాన్ని పైకి తోసింది ఎవురని?"

కాస్త నిశ్శబ్దం.

"గాలి సార్!" పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు.

"గాలే! కంటికి కనపడదు గాని, బలంలో మీ నాయనకే నాయన. ఏయ్ వెనక బెంచీ, నిద్ర లేయండి!"

పిల్లలు పకపకా నవ్వారు. కిటికీ కింద నిలబడ్డ పెంచలప్రసాద్‌కీ నవ్వొచ్చింది. తన చిన్నప్పుడు ఇలాంటి పంతులు దొరికి ఉంటే సైన్సంటే అంత భయపడేవాడు కాదు.

పెంచలప్రసాద్ ఆ మండలానికి కొత్తగా వచ్చిన విద్యాధికారి. ఉదయగిరి బస్సులో ఎవరో నవ్వుతూ అన్న మాట చెవిన పడి, చెప్పాపెట్టకుండా ఈ ఊరికి దిగాడు.

"ఆ బళ్ళో పంతులు నోరు మెదపడంట. టేపే పాఠం చెప్తాదంట."

ఎంత అన్యాయంగా వాగుతారు జనం అనుకుంటూ లోపలికి అడుగుపెట్టాడు. మొహంలో నవ్వు మాయమైంది.

కుర్చీ ఖాళీ. బల్లమీద ప్రభుత్వం బళ్ళకిచ్చిన టేప్ రికార్డరు. గొంతు అందులోంచే వస్తోంది. నల్లబల్ల దగ్గర బక్కపల్చటి మనిషి ఒకడు సిరాబుడ్డి బొమ్మ గీస్తున్నాడు.

పిల్లలు జవాబు చెప్పేంత ఖాళీ కూడా టేపులోనే వదిలిపెట్టాడన్నమాట! ఒక్కసారి చెప్పేసి ఏడాదంతా కూర్చుని తినడానికి ఎంత పథకం!

పెంచలప్రసాద్ టేపు ఆపేశాడు.

"నేను ఎం.ఈ.ఓ.ని. దయాసాగర్ మాస్టారేడీ?"

పిల్లలు బిగుసుకుపోయారు.

ఆయన బొమ్మ గీస్తున్న మనిషి వైపు తిరిగాడు. "నువ్వెవరు? అటెండరువా?"

ఆ మనిషి పిల్లల వంక ఒకసారి చూశాడు. మెల్లగా తల ఊపాడు.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా? మీ సారెక్కడయ్యా?"

ఆ మనిషి చేతులు జోడించాడు. ముందు బెంచీలోంచి జెస్సికా అనే పిల్ల లేచింది.

"ఉదయగిరికి పోయినాడు సార్, చాక్‌పీసులకి."

"ఆత్మకూరికి సార్, మీటింగుకి." అదే క్షణంలో వెనకనుంచి ఇంకో గొంతు.

"ఉదయగిరా? ఆత్మకూరా?"

"ముందు ఉదయగిరికి పోయి, ఆణ్ణించి ఆత్మకూరికి సార్," సర్దింది జెస్సికా.

"ఓహో! అబద్ధాలాడ్డం కూడా టేపులోనే నేర్పాడా? సరే. మీ సారు బడికి రాడన్న సంగతి మీ నోటితోనే చెప్పండి. దీంట్లోనే పట్టి పైవాళ్ళకి పంపిస్తా."

క్యాసెట్టు మొదటికి తిప్పి, రికార్డు చేసే ఎర్ర బొత్తాం మీద వేలు పెట్టాడు.

బక్కపల్చటి మనిషి ఒక్క అంగలో బల్ల దగ్గరికి దూకాడు. టేప్ రికార్డరుని రెండు చేతులతో కప్పేసి, వద్దు వద్దని తల ఆడించాడు.

"చెయ్యి తియ్! గవర్నమెంటు సొత్తు నీ సొంతమనుకుంటున్నావా?"

ఆ చేతులు లాగేసి, బొత్తాం నొక్కాడు.

పిల్లల్లో ఒక్కరూ పెదవి విప్పలేదు. ఇక లాభం లేదని పెంచలప్రసాదే అందుకున్నాడు. ఈ బడిలో పంతులు లేడన్నాడు. కర్తవ్యం గురించి చెప్పాడు. క్రమశిక్షణ గురించి చెప్పాడు. క్యాసెట్టు ఆ వైపు అయిపోయి టక్కున ఆగేదాకా చెబుతూనే ఉన్నాడు.

వెనక్కి తిప్పి వినిపించాడు. ఫిల్లరూ లేదు, సిరా లేదు. అన్నీ ఆయన మాటలే.

"సాక్ష్యం!" అంటూ బల్లమీది మిగతా క్యాసెట్లను సంచిలో వేసుకోసాగాడు.

జెస్సికా వెక్కి వెక్కి ఏడ్చింది.

"గాలి పాఠం పోయింది సార్."

"పోతే పోయింది. రేపు మీ సారొచ్చి మళ్ళీ చెప్తాడు. ఈసారి టేపుతో కాదు, నోటితో."

"చెప్పలేడు సార్."

"ఏం? ఎందుకు చెప్పలేడు?"

అటెండరు ఆ పిల్ల వైపు చెప్పొద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె ఆగలేదు.

"రాయవేలూరు ఆస్పత్రిలో గొంతు తీసేసినారు సార్. లోపల పుండు లేచిందంట. ఆపరేషన్‌కి పోకముందే మా ఏడో తరగతి పాఠాలన్నీ దీంట్లో చెప్పి పెట్టినాడు. మీకు తెలిస్తే ఉద్యోగం పీకేస్తారంట గదా! పరీక్షలయ్యేదాకా ఎవురికీ చెప్పొద్దని ఊరంతా అనుకున్నారు."

టేపులో పెంచలప్రసాద్ గొంతు ఇంకా కర్తవ్యం గురించి మాట్లాడుతూనే ఉంది. ఆపడానికి ఆయనకి చెయ్యి రాలేదు.

"మరి... ఆయనిప్పుడెక్కడున్నాడమ్మా?"

జెస్సికా తల దించుకుంది.

అంతదాకా అటెండరు అనుకున్న మనిషి సంచిలోని క్యాసెట్ల వంక చూశాడు. సుద్దముక్క తీసుకుని, నల్లబల్ల మీద ఒక్కో అక్షరం పొందిగ్గా రాశాడు: "దయాసాగర్‌ని నేనే సార్. నన్ను తీసేయండి, పాఠాల్ని మాత్రం పరీక్షలదాకా ఉండనివ్వండి."